ఫ్యాక్టరీలో సగం, వీధిలో సగం

పాత అంబాసిడర్ కారును మళ్ళీ నిలబెట్టాలనుకున్న వాళ్ళకు ఇంజను దగ్గర పెద్ద చిక్కు రాదు. బోరు చేయించాలా, పిస్టన్ రింగులు మార్చాలా, హెడ్డు విప్పాలా అన్నది అనుభవమున్న మెకానిక్కు చెవితో విని, చేత్తో తడిమి తేల్చేస్తాడు. బాడీకి పట్టిన తుప్పు టింకరింగ్ వాళ్ళు చూసుకుంటారు, పైరంగు పెయింటరు చూసుకుంటాడు. అసలు తర్జనభర్జన తలుపు తెరిచాక మొదలవుతుంది. సీటు మీద ఇప్పుడున్న కవరును ఉంచాలా, తీసేసి కంపెనీ నుంచి వచ్చినప్పటి రెగ్జిన్ లాంటిది వెతికి వేయించాలా? డాష్‌బోర్డు వెనక వేలాడుతున్న తీగల చిక్కును ఉన్నచోటే సర్దాలా, మొత్తం పీకి కొత్త వైరింగ్ చేయించాలా? చాలామంది ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు చెబుతారు. అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలని పట్టుబట్టేవాళ్ళు కొందరు, వాడుకోవడానికి హాయిగా ఉంటే చాలనేవాళ్ళు కొందరు. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే గాటన కట్టడమే తప్పని నా వాదన. మన కుటుంబ కార్ల లోపలి చరిత్రను కాస్త ఓపిగ్గా చూస్తే, సీటుకు ఒక న్యాయం, తీగకు ఒక న్యాయం ఎందుకు ఉండాలో తెలుస్తుంది.

ముందు ఆ కార్లు ఎలాంటి కాలంలో పుట్టాయో గుర్తు చేసుకోవాలి. 1942లో బిర్లాలు మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్ కొన్నేళ్ళకే గుజరాత్ తీరం నుంచి బెంగాల్లోని ఉత్తర్‌పారాకు మారింది. ఇంగ్లండులో మోరిస్ కంపెనీ చేసిన ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే అక్కడ 1950ల చివర అంబాసిడర్ పేరుతో తయారు చేయడం మొదలుపెట్టారు. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ కంపెనీ కారును చేసింది, అదే 1970ల్లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చింది. పాతికేళ్ళ పాటు దేశంలో కారు కొనాలంటే దాదాపుగా ఈ మూడు గుమ్మాలే. విదేశాల నుంచి కార్లు తెప్పించుకునే దారి మామూలు వాళ్ళకు లేదు. 1959లో కేంద్రం కార్ల పంపిణీ, అమ్మకాల మీద నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 1969లో ఈ మూడు కార్ల ధరలను కూడా ప్రభుత్వమే నిర్ణయించడంతో కంపెనీలు సుప్రీం కోర్టు దాకా వెళ్ళాయి. 1980ల మొదటి వరకు దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు నలభై వేల చుట్టుపక్కలే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వాడికి చేతికొచ్చిన కారు ఏ రంగుదైనా, ఏ సీటుదైనా కళ్ళకద్దుకోవలసిందే.

కొనేవాడు వరసలో నిలబడి ఉంటే, ధర ప్రభుత్వం చేతిలో ఉంటే, కారు లోపలి భాగాన్ని అందంగా, సౌకర్యంగా చేయడానికి కంపెనీకి ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అంబాసిడర్ లోపల ఏళ్ళ తరబడి కంపెనీ మార్చింది తక్కువ. ముందొక బెంచీ సీటు, వెనకొక బెంచీ సీటు, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, కింద రబ్బరు మ్యాటు, స్పీడు చూపించే మీటరు. 1957 నుంచి 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో పని ఆగేదాకా ఆ బాడీ ఆకారం పెద్దగా మారలేదని అందరూ చెబుతుంటారు. ఆ మాట లోపలి భాగానికి వర్తించదు. లోపల మార్పు ఎప్పుడూ జరుగుతూనే ఉంది, ఆ మార్పు చేసింది మాత్రం ఉత్తర్‌పారా కాదు. విజయవాడ ఆటోనగర్లో, హైదరాబాదు రాణిగంజ్, పుత్లీబౌలి సందుల్లో, ప్రతి జిల్లా కేంద్రంలోనూ బస్టాండు వెనక వీధిలో పనిచేసిన కుషన్ షాపుల వాళ్ళు, ఆటో ఎలక్ట్రీషియన్లు చేశారు. కంపెనీ సగం కారు చేసి పంపితే, మిగతా సగం వీధి చేసింది.

దీనికి సాక్ష్యం సీటులోనే ఉంది. నలభై యాభై ఏళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన అంబాసిడర్ వెనక సీటును బయటికి తీసి, పై నుంచి ఒక్కొక్క పొరే విప్పుకుంటూ వెళ్తే, పురావస్తు శాఖ వాళ్ళు తవ్విన గుంటలో మట్టి పొరలు కనిపించినట్టు కనిపిస్తుంది. అన్నిటికన్నా పైన తువ్వాలు. దాని కింద ఈ మధ్య వేయించిన కవరు, మెత్తటి గుడ్డదో, బొచ్చుగుడ్డదో. దాని కింద, విప్పే ఓపిక లేక అలాగే వదిలేసిన అంతకు ముందరి కవరు. అది సాధారణంగా ముదురు రంగు రెగ్జిన్, అంచుల వెంబడి వేరే రంగు పైపింగు. దాని కింద కంపెనీ వేసిన అసలు రెగ్జిన్, కుట్ల దగ్గర చీలి, ఎండకు గట్టిపడి, అప్పడంలా విరిగిపోయే స్థితిలో ఉంటుంది. దాని కింద మెత్త. కొన్నిట్లో దూది, కొన్నిట్లో కొబ్బరి పీచును రబ్బరు పాలతో కలిపి అచ్చువేసిన దిండు, తర్వాతి రోజుల్లో మార్చిన వాటిలో ఫోము. ఆ కింద గోనెపట్టా. దాని కింద ఇనుప స్ప్రింగులు. స్ప్రింగు విరిగిన చోట పురికొసతో బిగించి కట్టిన ముడి ఒకటో రెండో తప్పకుండా ఉంటాయి. ఆ ముడి వేసిన చేయి పరుపులు కుట్టే చేయి. దబ్బనం, పురికొస, గోనె, దూది, ఇవన్నీ కారు రాక ముందు నుంచీ మన దగ్గరున్న పరుపుల పనివాళ్ళ సరంజామా. కారు సీటు కోసం వాళ్ళు కొత్తగా నేర్చుకున్నది రెగ్జిన్‌ను కుట్టు మిషను మీద జారకుండా నడిపించడం, పైపింగు తిన్నగా పట్టడం.

రెగ్జిన్ అన్న మాటలోనే కొంత చరిత్ర ఉంది. అది మొదట ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర తయారైన ఒక కృత్రిమ తోలుగుడ్డకు కంపెనీ పెట్టుకున్న పేరు. ఆ సరుకు పోయి దాని స్థానంలో ప్లాస్టిక్ పూత పూసిన గుడ్డ వచ్చినా తెలుగులో పేరు మాత్రం రెగ్జిన్‌గానే స్థిరపడింది. బడి సంచీ నుంచి ఆసుపత్రి బల్ల దాకా అంతా రెగ్జినే. చల్లటి దేశంలో పుట్టిన ఆ సరుకు మన ఎండకు ఎలా తట్టుకుంటుంది? మే నెలలో బెజవాడలో గాని, రామగుండంలో గాని మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు తలుపు తెరిచి ఆ సీటు మీద కూర్చుంటే తొడలు అంటుకుపోతాయి. సీటు మీద తువ్వాలు పరచడం హోదా కోసమని చాలామంది అనుకుంటారు. కలెక్టరు కారులో తెల్ల టర్కీ తువ్వాలు చూసి ఆ అభిప్రాయం బలపడి ఉండొచ్చు. మొదటి కారణం మాత్రం ఎండ, చెమట. నూలు తువ్వాలు వేడిని ఆపుతుంది, చెమటను పీలుస్తుంది, ఉతికితే శుభ్రమౌతుంది. వెనక అద్దానికి కట్టిన తెరలు, డాష్‌బోర్డు మీద బిగించిన చిన్న ఫ్యాను కూడా ఆ కోవలోవే. ఇంగ్లండు వాతావరణానికి గీసిన కారును కృష్ణా, గోదావరి, మంజీర తీరాల వేసవికి సరిచేసుకునే ప్రయత్నాలు ఇవన్నీ. 2012లో సుప్రీం కోర్టు అద్దాల మీద నల్ల ఫిల్మును నిషేధించేదాకా ఆ ప్రయత్నం ఏదో ఒక రూపంలో సాగుతూనే వచ్చింది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ కవర్లూ తెరలూ ఫ్యాన్లూ తాత్కాలికంగా చేసుకున్న సర్దుబాట్లే కదా, అసలు కారు అంటే డిజైనరు గీసిందే కదా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం. కంపెనీ కొలతలు, రంగులు, గుడ్డ రకం తెలిసి ఉండటం చరిత్రకు అవసరమే. ఐతే ఒక వస్తువు చరిత్ర అది పుట్టిన రోజుతోనే ఆగిపోతుందా అన్నది అసలు ప్రశ్న. కట్టడాల విషయంలో ప్రపంచం ఈ ప్రశ్నకు జవాబు చెప్పి అరవై ఏళ్ళు దాటింది. 1964 నాటి వెనిస్ చార్టర్, ఒక కట్టడానికి వేర్వేరు కాలాల్లో జరిగిన విలువైన చేర్పులన్నిటినీ గౌరవించాలని, ఏదో ఒక కాలపు శైలికి వెనక్కి తీసుకెళ్ళడం పరిరక్షణ లక్ష్యం కాదని చెప్పింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో తెచ్చుకున్న టురిన్ చార్టర్ కూడా అదే ఒరవడిలో నడిచింది. మనకు అంత దూరం వెళ్ళాల్సిన పని కూడా లేదు. శ్రీకాళహస్తి గుడి పల్లవుల, చోళుల కాలంలో రూపుదిద్దుకుంటే, పెద్ద గాలిగోపురాన్ని 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు. అంటే ఆ గోపురం తర్వాతి చేర్పు. 2010లో అది కూలినప్పుడు, పోనీలే, అసలు గుడి మిగిలిందిగా అని ఎవరూ అనుకోలేదు. ఊరు ఊరంతా కంట తడి పెట్టింది, కొత్త గోపురం లేచేదాకా ఊరుకోలేదు. తర్వాత చేరింది కూడా అసలులో భాగమౌతుందని మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

కారును గుడితో పోల్చడం అతిశయోక్తి అనిపించవచ్చు. పోలిక పవిత్రత గురించి కాదు, పద్ధతి గురించి. నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ లాంటి కారును పుట్టినప్పటి రూపానికి తేవడంలో అర్థం ఉంది. అది ఊరేగింపు కోసం చేయించుకున్న కారు, తిరిగింది చాలా తక్కువ, దాని చరిత్రలో అధిక భాగం దాని తయారీయే. కుటుంబపు అంబాసిడర్ సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. దాని చరిత్రలో తయారీ వాటా చిన్నది, వాడకం వాటా పెద్దది. ముందు ముగ్గురు, వెనక నలుగురైదుగురు, ఒళ్ళో పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా. పెళ్ళికి పూలతో, ఆసుపత్రికి ఆదరాబాదరాగా, తిరుపతికి మొక్కుతో నడిచిన బండి అది. మధ్యలో అడ్డంగా గేరు కడ్డీ లేని ముందు బెంచీ సీటు ఎందుకు అంత కాలం నిలిచిందో ఈ లెక్కే చెబుతుంది. ఆ వాడకానికి గుర్తులైన పొరలను తుడిచేసి, షోరూము నుంచి అప్పుడే బయటికి వచ్చినట్టు చేస్తే, ఆ కారు గురించి మనం తెలుసుకోగలిగిన దానిలో ఎక్కువ భాగం పోతుంది. మిగిలేది ఉత్తర్‌పారా కేటలాగులో ముందే ఉన్న బొమ్మ.

చట్టం కూడా ఈ విషయంలో అనుకోకుండా మన వైపే నిలిచింది. 2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాల నమోదుకు నియమాలు తెచ్చింది. మొదటిసారి నమోదై యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న కారును వింటేజ్ వాహనంగా ఇరవై వేల రూపాయలు కట్టి నమోదు చేయించుకోవచ్చు. అసలు రూపం చెడడమంటే ఏమిటో చెబుతూ ఆ నియమం పేరు పెట్టి చెప్పినవి ఛాసిస్, బాడీ, ఇంజను. సీటు గుడ్డ ఊసు అందులో లేదు. 1975లో వచ్చిన మార్క్ త్రీ అంబాసిడర్లు ఇప్పుడిప్పుడే ఆ యాభై ఏళ్ళ గడప దాటుతున్నాయి కాబట్టి, రానున్న రోజుల్లో తెలుగు ఊళ్ళ షెడ్లలోంచి చాలా కార్లు ఈ నమోదు కోసం బయటికి వస్తాయి. వాటి యజమానులు నమోదు భయంతో లోపలి పొరలను పీకేయాల్సిన పని లేదు.

సీటు విషయంలో ఇంతగా వీధి పక్షాన మాట్లాడి, తీగల దగ్గరికి వచ్చేసరికి నేను ఫ్యాక్టరీ పక్షానికి మారుతున్నాను. కారణం ఒక్కటే. సీటు మీద పొర చేరితే కింది పొర అర్థం చెడదు. తీగకు తీగ చేరితే మొత్తం అర్థమే చెడుతుంది.

మోరిస్ కారుతో పాటు మనకు దిగుమతైన విద్యుత్ వ్యవస్థ లూకాస్ కంపెనీది. 1961లో మద్రాసు దగ్గర పాడిలో టీవీఎస్‌తో కలిసి లూకాస్ టీవీఎస్ మొదలయ్యాక డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, డిస్ట్రిబ్యూటర్లు ఇక్కడే తయారయ్యాయి. ఆ వ్యవస్థలో తీగల రంగులకు కచ్చితమైన అర్థాలున్నాయి. గోధుమరంగు తీగ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. తెలుపు అంటే తాళం తిప్పితేనే వచ్చేది. ఆకుపచ్చ అంటే తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్‌లైట్లది, నీలం మీద తెల్ల గీత ఉంటే బ్రైటు, ఎర్ర గీత ఉంటే డిమ్ము. ఎరుపు పార్కింగు లైట్లది, వెనక లైట్లది. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటరు, తెల్ల గీత కుడి ఇండికేటరు. నలుపు ఎర్త్. ఈ అరడజను రంగులు తెలిసిన మనిషి ఆ కారును ఎన్నడూ చూడకపోయినా, ఏ మూల ఏ తీగ బయటపడినా అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చెప్పగలడు. రంగుల్లో రాసిన పుస్తకం అది.

మన వీధి ఎలక్ట్రీషియన్ ఆ పుస్తకం చదవలేదని కాదు. చదివిన ఘనులు చాలామంది ఉన్నారు. కాలిన డైనమో ఆర్మేచర్‌ను ఇత్తడి పొయ్యంత చోటులో కూర్చుని తిరిగి చుట్టి, కార్బన్ బ్రష్షులు అరగదీసి కూర్చి, కటౌట్ పాయింట్లు గీరి, టెస్టు ల్యాంపు ఒక్కదానితో మొత్తం కారును చక్కబెట్టిన పనివాళ్ళు వాళ్ళు. దొరకనిది అసలు రంగు తీగ. బజారులో చుట్టలు చుట్టలుగా దొరికింది ఇళ్ళ వైరింగుకు వాడే తీగ. ఇంటి వైరింగులో రంగుల అర్థాలే వేరు. అక్కడ ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్త్. లూకాస్ కారులో ఆకుపచ్చ కరెంటున్న తీగ. ఇంటి లెక్కతో చూసిన కన్ను ఆకుపచ్చ తీగను ఎర్త్ అనుకుని బాడీకి బిగిస్తే ఏమౌతుందో చెప్పనక్కర్లేదు. ఇలా ఒకే కారులో రెండు భాషలు కలిసిపోయాయి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ డాష్‌బోర్డు వెనక చేయి పెట్టిన కుర్రవాడికి ఎర్ర తీగ కనిపిస్తే అది పార్కింగు లైటుదో, టేపు రికార్డరుదో, హారనుదో తెలిసే దారి లేదు.

ఆ ఫ్యూజుల పెట్టెను ఒక్కసారి దగ్గరగా చూడాలి. ఆ తరం బ్రిటిష్ కార్లలో ఉన్నవి రెండే పని ఫ్యూజులు, పక్కన రెండు విడివి. వేలంత గాజు గొట్టం, రెండు చివర్లా లోహపు టోపీలు, లోపల సన్నటి తీగ, ఎంత కరెంటుకు తెగుతుందో రాసిన చిన్న కాగితం చీటీ. రాత్రిపూట దారిలో అది కాలిపోతే, విడి ఫ్యూజులు ఎప్పుడో అయిపోయి ఉంటే, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చింపి కాలిన గాజు గొట్టానికి చుట్టి అక్కడే దోపేయడం దేశమంతా చేసిన పని. బండి కదిలింది, ఇల్లు చేరారు. ఆ వెండి కాగితం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఫ్యూజు పని తెగిపోవడం. ఆ కాగితం తెగదు. ఆ తర్వాత ఎక్కడ షార్టు అయినా వేడెక్కేది తీగే. అప్పటి తీగల మీది రబ్బరు, నూలు అల్లిక మన ఎండలకు పెళుసెక్కి రాలిపోతాయి. ఇన్సులేషన్ టేపు జిగురు వేసవిలో కరిగి జారిపోతుంది. కారు లోపల పొగ లేచిన సందర్భాల వెనక ఇంతకన్నా పెద్ద రహస్యమేమీ ఉండదు.

దీనికి లెక్క కూడా తోడైంది. ఆ తరం లూకాస్ డైనమో ఇవ్వగలిగింది ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ, అదీ ఇంజను వేగంగా తిరిగినప్పుడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ కన్నా తగ్గిపోతుంది కాబట్టి, బ్యాటరీలోని కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ విడిపోతుంది. అందుకే గేటు దగ్గర ఆగిన అంబాసిడర్ హెడ్‌లైట్లు మసకబారేవి. రెండు హెడ్‌లైట్లకు ఏడెనిమిది ఆంపియర్లు, కాయిలుకు మూడు, వైపరుకు రెండు మూడు, వెనక లైట్లకు రెండు. వానాకాలపు రాత్రి ప్రయాణానికే ఉన్నదంతా సరిపోతుంది. దాని మీద వీధి చేర్చినవి ఫ్యాను, పొగమంచు లైట్లు, క్యాసెట్ ప్లేయరు, దేవుడి బొమ్మ చుట్టూ రంగు బల్బులు, రెండు గొట్టాల హారను. ఆదాయం మారకుండా ఖర్చు పెరిగిన సంసారం లాంటిది ఆ బండి. వాలు మీద కారు నిలిపి, పొద్దున్నే తోసి స్టార్టు చేసిన తరం ఆ లెక్క తెలియక ఇబ్బంది పడలేదు, ఆ లెక్కను దాటే దారి లేక పడింది.

ఇక రేడియో. 1980ల నడిమి దాకా కారులో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. అంతకు మించిన చిక్కు ఎర్త్‌ది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలపు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి బిగించేవారు. 1960ల చివరికి అక్కడి కంపెనీలు నెగటివ్ ఎర్త్‌కు మారాయి. ఒక లెక్కకు తయారైన ట్రాన్సిస్టరు రేడియోను రెండో లెక్క కారులో పెడితే ట్రాన్సిస్టర్లు క్షణంలో కాలిపోతాయి. బల్బుకు, హారనుకు ఈ తేడా పట్టదు, డైనమోకు, రేడియోకు పడుతుంది. కాబట్టి పాత కారులో కొత్త సెట్టు పెట్టే ముందు బ్యాటరీలో ఏ కొస బాడీకి వెళ్ళిందో చూడకుండా ఒక్క తీగ కూడా కలపకూడదు. ఇప్పటి బ్లూటూత్ సెట్లన్నీ నెగటివ్ ఎర్త్‌వే.

ఇప్పుడు రెండో అభ్యంతరం. ఫ్యాక్టరీ వైరింగే అంత గొప్పదైతే ఆ కార్లలో హెడ్‌లైట్ల తీగకు ఫ్యూజు ఎందుకు లేదు? మంచి ప్రశ్న. నిజంగానే ఆ తరం బ్రిటిష్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజు పెట్టలేదు, దారి మధ్యలో రెండు దీపాలూ ఒక్కసారి ఆరిపోతే ప్రమాదమన్న ఆలోచనతో. కాబట్టి ఫ్యాక్టరీ పక్షాన మాట్లాడటమంటే ఫ్యాక్టరీ చేసిన ప్రతిదాన్నీ తు.చ. తప్పకుండా తిరిగి చేయడం కాదు. కాపాడాల్సింది ఆ రంగుల భాషను. నీలం దారిలో రిలే, ఒక్కో దీపానికి ఒక్కో ఫ్యూజు చేర్చండి, ఆ చేర్చిన తీగ కూడా నీలంగానే ఉండనివ్వండి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోండి, తర్వాతి మార్కుల్లో కంపెనీ కూడా ఆ దారే పట్టింది. డైనమోను, కటౌట్ పెట్టెను మాత్రం ఎవరికీ అమ్మకుండా గుడ్డలో చుట్టి దాచండి. కొత్త రేడియో చేర్చితే దానికి ఊదా రంగో ఆకుపచ్చో వాడి, దాని ఫ్యూజు దానికి పెట్టి, ఆ మాట ఒక కాగితం మీద రాసి కారు పుస్తకంలో పెట్టండి. భాష ఉంటే కొత్త వాక్యం రాసుకోవచ్చు.

మూడో అభ్యంతరం కొంచెం గట్టిది. సీటు కవరు చరిత్ర అయితే, వీధి ఎలక్ట్రీషియన్ చుట్టిన ఎర్ర తీగ మాత్రం చరిత్ర కాదా? ఫ్యూజు మీది వెండి కాగితం ఆ కొరత కాలానికి సాక్ష్యం కాదా? అవును, సాక్ష్యమే. దాన్ని పారేయమని నేను అనడం లేదు. విప్పే ముందు ఫోటో తీసి, విప్పాక చీటీ కట్టి దాచమంటున్నాను. సాక్ష్యం పెట్టెలో ఉన్నా సాక్ష్యమే. కారులో ఉంటే మాత్రం అది నిప్పు. వెనక సీట్లో పిల్లలు కూర్చునే బండిలో చరిత్ర పేరుతో నిప్పును ఉంచుకోలేం. సీటు పొరలతో అలాంటి ప్రమాదం లేదు, ఆ పొరలు విప్పి పెట్టెలో పెడితే వాటి అర్థమూ మిగలదు. ఏది ఏ చోట ఉంటే అర్థంగా మిగులుతుందో చూసి తేల్చాలి.

ఇదంతా కారున్న కొద్దిమంది గోడు కదా అని ఇంకో మాట వినిపిస్తుంది. ఏడాదికి నలభై వేల కార్లు తయారైన దేశంలో కారున్న ఇల్లు అరుదు, నిజమే. ఆ కారు లోపలి సగాన్ని చేసిన చేతులు మాత్రం కారు లేని ఇళ్ళవి. దబ్బనం పట్టిన వాడూ, ఆర్మేచర్ చుట్టిన వాడూ తాము బాగుచేసిన సీటులో కూర్చుని ఊరెళ్ళిన వాళ్ళు కారు. ఉత్తర్‌పారాకు, బొంబాయి ప్రీమియర్‌కు ఆర్కైవులుంటాయి, వాల్‌చంద్ గురించి పుస్తకాలుంటాయి. పుత్లీబౌలి కుషన్ పనివాడి పనికి ఆ సీటే ఏకైక పత్రం. సీటును షోరూము రూపానికి తిప్పినప్పుడు ఆ ఒక్క పత్రమూ పోతుంది. నాకు ఈ విషయంలో ఉన్న పట్టుదలకు మొదటి కారణం ఇదే.

ఆ పని ఇప్పుడు కళ్ళముందే తరిగిపోతోంది. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కడంతో ముందు సీట్లు రెండుగా విడిపోయాయి, తీగలు ప్లాస్టిక్ కప్లర్లలోకి వెళ్ళిపోయాయి. చుట్టడం పోయి మార్చడం వచ్చింది. ఆల్టర్నేటర్ పాడైతే కొత్తది బిగిస్తారు. బ్యాటరీ కథా అంతే. నల్లటి గట్టి రబ్బరు పెట్టె, పైన తారు, ఆరు మూతలు, నెలనెలా డిస్టిల్డ్ వాటరు అడిగిన పాత బ్యాటరీ పోయి, తిరుపతి దగ్గర కరకంబాడిలో 1985లో మొదలైన అమర రాజా నుంచి వచ్చిన అమరాన్ లాంటి మూత తెరవక్కర్లేని బ్యాటరీలు బజారునిండా నిలిచాయి. మంచి మార్పే. ఆమ్లం చుక్కలు పడి చిల్లులైన చొక్కాల కాలం ఎవరూ తిరిగి రమ్మనరు. ఐనా కటౌట్ పాయింట్లు సరిచేయగలిగిన చివరి తరం ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటింది. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు. వాళ్ళు చెప్పగలిగినన్నాళ్ళే ఆ లెక్క మనకు అందుతుంది.

మీ ఇంటి షెడ్డులో పాత అంబాసిడరో, పద్మినియో ఉంటే, దాన్ని పనికి ఇచ్చే ముందు ఒక ఆదివారం కేటాయించండి. సీటు పొరలను పై నుంచి కింది దాకా ఫోటోలు తీయండి. ఏ పొర ఏ ఏడు వేయించారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. చిరిగిన చోట అతుకు వేయించండి, మొత్తం పీకించకండి. తప్పక పీకాల్సి వస్తే ప్రతి పొర నుంచి జానెడు ముక్క కోసి సంచీలో వేసి డిక్కీలోనే ఉంచండి. వైరింగు మాత్రం వాయిదా వేయకండి, రంగులు తెలిసిన పెద్ద మిస్త్రీ బతికుండగానే ఆయన చేత చేయించండి, పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టండి. పని అయ్యాక ఆయన పేరు, ఊరు, తేదీ ఒక చీటీ మీద రాసి ఫ్యూజుల పెట్టె మూత లోపలి వైపు అంటించండి.